పలకల వెనక దిష్టిబొమ్మ

"తాతయ్యా, దిష్టిబొమ్మని అందరూ దారి వైపు కడతారు కదా, మనది సోలార్ పలకల వెనక దాక్కుందేంటి?"

చెప్తా విను. ఈ పలకలు కిందటేడు వేసవిలో మన చేను నీళ్ల మోటారుకి బిగించారమ్మా. ఎనిమిది... కాదులే, పది. అంతకుముందు మా నాన్న నాటి ఆయిలింజనే. అది తిప్పీ తిప్పీ నా భుజం ఇప్పటికీ లాగుద్ది. సరే, వీటిని చూడ్డానికి ప్రత్తిపాడు నుంచి కూడా జనం వచ్చారా, మీ నాయనమ్మకి దిష్టి భయం పట్టుకుంది. కుండకి సున్నం కొట్టి, నల్లచుక్కలు పెట్టి, నా పాత చొక్కా తొడిగి, పలకల ముందు, అదే, దక్షిణాన దారి వైపు, పొడుగు కర్ర మీద నిలబెట్టింది.

వేసవంతా నీళ్లు దూకాయి. మార్గశిరంలో, సరిగ్గా మిరప పూత మీదున్నప్పుడు, మధ్యాహ్నం పూట ధార సన్నబడింది. పూత రాలుతోంది. చలికాలం ఎండలో వేడి చాలట్లేదని నేననుకున్నా. మీ నాయనమ్మేమో దిష్టి గట్టిగా తగిలిందని బొమ్మకి ఇంకో చొక్కా తొడిగింది, చేతులు చాపించి మరీ. దాంతో ఆ సన్నధారా ఆగింది.

మన ఊరి మోటార్ల మెకానిక్ మస్తాన్‌ని పిలిచా. కావాల్సింది వేడి కాదు, వెలుతురు అన్నాడు. వెలుతురు పడితే పలకలో కరెంటు పుడుతుందట, కాకపోతే అది ఒకే వైపు నడిచే రకం. ఆ కింద పెట్టె ఉందే, అది దాన్ని మోటారుకి పనికొచ్చే రకంగా మారుస్తుంది. పలకలన్నీ ఒకే వరసలో కలిపారు చూడు, మనుషులు వరసగా నిలబడి మిరప బస్తాలు అందించుకున్నట్టు. మధ్యలో ఒకడు కునికితే అందరూ ఆగాలిగా. అలా చెప్తూనే పలక మీదకి వేలు చూపించాడు. నా చొక్కా నీడ, చేతులు చాచుకుని పడుకునుంది. వేసవిలో పొద్దు నడినెత్తిన ఉంటుంది కాబట్టి నీడ కర్ర మొదట్లోనే ఉండేది. చలికాలం పొద్దు దక్షిణానికి వాలేసరికి సాగి పలకలెక్కింది.

మీ నాయనమ్మకి చెప్పే ధైర్యం నాకేదీ? వాడే అన్నాడు, బొమ్మని వెనక్కి, ఉత్తరం వైపు మారుద్దాం పిన్నీ అని.

"వెనక పెడితే ఎవరు చూస్తార్రా, కొంగలా?"

"దాక్కుని తొంగి చూసేదంటేనే జనానికి భయం పిన్నీ."

ఆ మాట నచ్చింది ఆవిడకి. మార్చగానే ధార మళ్లీ దూకింది, మిగిలిన పూత నిలబడింది. అదుగో, కళ్లంలో ఎర్రగా ఆరేది ఆ కాయలే. బొమ్మ చోటు మారాకే దిష్టి పోయిందంటుంది మీ నాయనమ్మ. నేనూ కాదననులే...

తుమ్మావా? ఆ మిరప ఘాటేలే, నూరేళ్లు చల్లగా ఉండు తల్లీ. కాస్త ఇటు జరిగి నిలబడు మరి, నీ నీడ పలక మీద పడుతోంది.