తిమింగలాల ఒడ్డు

బోరుబండి పనికి దక్షిణాఫ్రికా వెళ్లిన భర్త ఫోన్ చేయగానే, మల్దకల్‌లో పుట్టింట ఉన్న కొత్త పెళ్లికూతురు వంట వదిలేసి మిద్దెక్కింది.

"బావా, నువ్వు పంపిన సముద్రంల బొక్కవడ్డ కొండ ఫొటో వాడకట్టంత చూపెట్టిన! తిమింగలాలు ఒడ్డుకే వస్తయా?"

"వస్తయంట."

"అంట ఏంది? నువ్వు చూడలేదా?"

ఆమె ఫోన్ మరో చెవికి మార్చుకుని మళ్లీ అంది.

"ఇంకో ఫొటోల ఉన్న ఆ పాత దీపస్తంభం ముంగట నువ్వు నిలవడి ఒక్క ఫొటో పంపరాదు. ఎల్లుండి తమ్ముడు గూడ నిన్ను పంపిన ఏజెంటుతోనే నీ దగ్గరికొస్తుండు గద, నాక్కూడ రావాలనిపిస్తుంది."

"వాన్ని రానియ్యకు."

"నవ్వులాటనా?"

"నువ్వు పరేషాన్ అయితవని నెట్‌ల ఫొటోలు తీసి పంపిన. మా పాస్‌పోర్టులు గుంజుకున్నరు. రేకుల షెడ్డుల పెట్టి తాళమేస్తరు. నేనింక సముద్రమే చూడలే."

"మరి నువ్వెట్లొస్తవు బావా?"

"ముందుగాల వాన్ని ఆపు."

కింద తమ్ముడు ఈల వేసుకుంటూ సూట్‌కేసు సర్దుకుంటున్నాడు.