గుణశేఖరన్‌ను పిలుచుకుపోను వచ్చిన షిప్పు

పాండీలో తేంగాయితిట్టు హార్బరు గేటు పక్కనే సెంగమలం టీ అంగడి. చేపలవేట నిషేధం ముగిసే వారం అది. బోట్లన్నీ కొత్త రంగులేసుకుని సిద్ధంగా ఉండాయి, రఘునాథన్ బోటుకు మాత్రం ఇంజన్ చూసుకునే మనిషి ఇంకా కుదర్లేదు. ఆ పని తనకే రావాలని సెంగమలం మొగుడు గుణశేఖరన్‌కు ప్రాణం కొట్టుకుంటా ఉంది. నేవీ ఇంజన్ రూములో వయసంతా గడిపినోడు, ఇంట్లో కూర్చుని గోడలు చూడటం ఆయన వల్ల కావడం లేదు. అయితే నోరు తెరిచి అడగడానికి రోషం అడ్డం. అందుకని రఘునాథన్ టీకి వచ్చే వేళ చూసుకుని, బెంచీ మీద కూర్చుని తన గొప్ప మొదలుపెట్టినాడు.

"ముందు చిన్న సంగతి చెప్తా వినండి," అన్నాడు, హార్బరంతా వినపడే గొంతుతో. "వైజాగు దాటినాక నడి సముద్రంలో డీజిల్ పైపు పగిలింది. లోపల వేడి ఎంతంటే, జోబీలో పెట్టుకున్న కోడిగుడ్డు ఉడికిపోయింది. ఆఫీసరు పాపం పుస్తకం తిరగేస్తా ఉండాడు. నేను బూటు నాలిక కోసి, పైపుకు చుట్టి, పైన నా బెల్టు బిగించినా. చెన్నై దాకా చుక్క కారితే ఒట్టు."

"బెల్టు లేకుండా ప్యాంటు ఎట్ల నిలిచింది మామా?" అన్నాడు ఎదురుగా కూర్చున్న ఆటో ఇరుసప్పన్, గట్టిగా.

"ఒక చేత్తో ప్యాంటు, ఒక చేత్తో పైపు. అదేంది గొప్ప, ఇంకా విను. అండమాన్ పోయేటప్పుడు ఇంజనే నిలిచిపోయింది, పైన చూస్తే తుపాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? షాఫ్టు పట్టుకుని చేత్తో తిప్పినా, బావిలో నీళ్ళు చేదినట్టే అనుకో. తిప్పిన ఊపులో పోర్ట్ బ్లెయిర్ దాటిపోయినాము, మళ్ళీ వెనక్కి తిప్పాల్సి వచ్చింది."

బెంచీ మీద నవ్వులు లేచినాయి. ఇరుసప్పన్ నవ్వుతా ఉండేది తన వీపు వెనకాల ఎవర్నో చూసి అని గుణశేఖరన్ గమనించలేదు. ఆ నవ్వు తన గొప్పకేనని ఇంకా హుషారొచ్చింది.

"అసలు కథ నేను రెండోసారి చేరినప్పటిది. సర్వీసు గడువు ముగిసింది, పెట్టె సర్దుకుని ఉప్పళంలో ఇంటికి వచ్చేసినా. అక్కడ వైజాగులో షిప్పు స్టార్టు కాలేదంట. కర్పూరం వెలిగించినారు, గుమ్మడికాయ కొట్టినారు, పెద్ద పెద్ద ఇంజనీర్లొచ్చి చేతులు కడుక్కుని పోయినారు. ఇంజన్ అలిగిన కొత్తకోడలి మాదిరి ఉలకదు పలకదు. నేను లేనిదే అది పచ్చిగంగ ముట్టదని పైవాళ్ళకు అప్పుడు తెలిసింది. ఏం చేసినారో తెలుసా? తాళ్ళు కట్టి షిప్పునే పాండీకి లాక్కొచ్చి, బీచ్‌కి ఎదురుగా నిలబెట్టి హారన్ కొట్టినారు. ఊళ్ళో కిటికీలన్నీ అదిరినాయి. ఉప్పళంలో పళ్ళు తోముకుంటా ఉండా, వినగానే తెలిసిపోయింది అది నన్నే పిలుస్తా ఉందని. తువ్వాలు తలకు చుట్టుకుని ఈదుకుంటా పోయి రెండో సంతకం పెట్టినా. గుణశేఖరన్ ఎవర్నీ పని అడగడు. పనే వచ్చి గుణశేఖరన్‌ను పిలవాల."

సెంగమలం ఆయన ముందుకొచ్చి అరచెయ్యి అడ్డంగా ఆడించింది. ఆపమని సైగ అది. షిప్పు ఇంజన్ రూము హోరులో మాట వినపడదని అక్కడ అందరూ చేతుల్తోనే మాట్లాడుకుంటారు, పెళ్ళయిన కొత్తలో ఆయనే నేర్పినాడు.

"సముద్రంలో హారన్ కొడితే ఉప్పళంలో వినపడింది, సరే," అంది గట్టిగా. "ఇందాకట్నించి రఘునాథన్ అన్న నీ వీపు వెనకాల నిలబడి గుణా, గుణా అని పిలుస్తా ఉండాడే, అది ఎవరికి వినపడాల?"

బెంచీ గొల్లుమనింది. గుణశేఖరన్ వెనక్కి తిరిగినాడు. రఘునాథన్ నిజంగానే ఉండాడు. గుణశేఖరన్‌కు ఇంజన్ హోరుతో వచ్చిన చెవుడు ఇక బయటపడిపోయింది. చెవులు పోయినోణ్ణి ఏ బోటు ఓనరు ఎక్కించుకుంటాడు అనుకున్నాడు.

రఘునాథన్ ఆయన చెవి దగ్గరికి వంగినాడు. "మొన్న నా ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి బేరింగు పోయిందన్నావే, విప్పి చూస్తే పోయే ఉంది. ఇంజన్ కాడ చెవులు ఎవరికి కావాల? తెల్లారి బోటు కాడికి వచ్చెయ్."

గుణశేఖరన్ చొక్కా సర్దుకున్నాడు. అందరి మొహాలూ ఒకసారి కలయజూసినాడు.

"చూసినారు కదా, ఇప్పుడు కూడా నేను అడగలేదు. వాళ్ళే వచ్చి పిలిచినారు."

"పిలిచినారు, నిజమే," అంది సెంగమలం, టీ వంచుతా. "వినింది నేను."