ఆగమంటే ఆగే బంతి

గోల్ఫ్ మైదానం వెనక గేటు పక్కన ఒక టీ కొట్టు. సాయంత్రం షాపులు కాస్త ఖాళీ అయ్యే వేళకి నలుగురూ అక్కడ చేరేవారు. ఆ రోజు మందుల షాపాయన ముందు ఒక చీటీ ఉంది. ఆదివారం నాడు దుకాణాలవాళ్లకీ బ్యాంకువాళ్లకీ పోటీ. దుకాణాల తరఫున నలుగురు ఆడాలి. మూడు పేర్లు రాసేశాడు. నాలుగో గీత ఖాళీగా ఉంది.

దర్జీ కళ్లు ఆ గీత మీదే ఉన్నాయి.

అతనికి అది చిన్న విషయం కాదు. రెండేళ్లుగా ఆ జట్టుకి టోపీలు కుట్టింది అతనే, సంచులు మోసిందీ అతనే. మొదటి ఏడు "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారు. రెండో ఏడు ఆ మాట కూడా అనలేదు. ఈసారి నోరు తెరిచి అడగాలనుకున్నాడు. ఉన్నదున్నట్టు అడగడానికి సిగ్గుపడే మనిషి గొప్పలు చెప్పుకోవడానికి మాత్రం సిగ్గుపడడు. అది మంచి అలవాటు కాదని దర్జీకీ తెలుసు. తెలిసే మొదలుపెట్టాడు.

"అన్నా, ఈ మధ్య ఒక బంతిని పట్టుకున్నాను," అన్నాడు, టీ గ్లాసు చేతులు మార్చుకుంటూ.

"పట్టుకోవడమేంటి బావా, కొట్లో కొనుక్కున్నావుగా," అన్నాడు బావమరిది. అతను బస్సు డ్రైవరు. అక్క మొగుడి మాటలకి బ్రేకు వెయ్యడం కూడా తన డ్యూటీలో భాగమే అనుకుంటాడు.

"కొనడం వేరు, ఎంచుకోవడం వేరురా. అన్నా, నా ఆట సంగతి మీరెరగనిదా. దూరం కొట్టబోతే ముందు నా పొట్ట తిరుగుతుంది, ఆ తర్వాత నేను తిరుగుతాను, కర్ర ఎప్పుడు తిరుగుతుందో దానిష్టం. బంతి ఎంత దూరం పోయిందా అని చెయ్యి అడ్డుపెట్టుకుని ఆకాశంలోకి చూస్తుంటే అది నా చెప్పుల దగ్గరే కూర్చుని నన్ను చూస్తుంటుంది. అందుకని దూరం మీద ఆశ వదిలేశాను. గుంతలో నిలబెట్టిన జెండాకి ముప్పై అడుగులు ఉందనగా అక్కణ్ణించి నా ఆట అనుకున్నాను. అక్కడ బలం అక్కర్లేదు. బంతి గ్రీన్ మీద, అదే, ఆ నున్నగా కోసిన గడ్డి మీద పడి, ఆగాలి. అంతే. మరి నా దగ్గరున్న చవక బంతులా, అన్నీ గట్టి పెంకువి. పడీ పడగానే పళ్ల డాక్టర్ని చూసిన పిల్లాడిలా పరుగే పరుగు."

"ఖరీదైనవి వాడలేకపోయావా?" అన్నాడు మందుల షాపాయన.

"ఒక్క బంతికి ఒక చొక్కా కుట్టాలన్నా. అది చెరువులో పడితే నా కళ్లముందు చొక్కా మునిగినట్టుంటుంది. నేను ఆటకి మూడు చొక్కాలు ముంచే మనిషిని. అందుకని ఏం చేశానో తెలుసా? కొట్లో తొమ్మిది రకాలు బల్ల మీద పరిపించి, ఒక్కోదాన్నీ గోటితో నొక్కాను. గుడ్డని మేం కళ్లతో చూడం, బొటనవేలితో చూస్తాం. గట్టి పెంకు మీద గోరు జారిపోయింది. మెత్తటి తొడుగు మీద పట్టు దొరికింది. గోరు జారిన చోట కర్ర మాత్రం జారదా? సరే, పైగుడ్డ చూసి మోసపోకూడదని ఇంటికి తెచ్చి, రంపంతో అన్నిటినీ నడిమికి కోశాను. కొన్నిట్లో రెండే పొరలు, అస్తరు లేని కోటులా. ఒకదాంట్లో మూడు. పైన మెత్తటి గుడ్డ, నడుమ కాన్వాసు, లోపల గుండె. అసలైన కోటు. పోయినేడాది రకమట, పెట్టె రంగు మార్చారని కొట్టువాడు ఇది సగం ధరకి ఇచ్చేస్తున్నాడు. నేను కొట్టేది బంతినా, పెట్టెనా?"

"మరి తొమ్మిది బంతులు కోసి పారేశావుగా. ఆ డబ్బుతో ఖరీదైనవే వచ్చేవి," అన్నాడు బావమరిది.

"అది నాకు ఆరో బంతి దగ్గర తట్టిందిరా. కానీ మొదలుపెట్టిన కత్తిరింపు మధ్యలో ఆపితే నేను దర్జీని ఎలా అవుతాను?"

మందుల షాపాయన నవ్వి, జేబులోంచి కలం తీశాడు. అంతవరకూ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అక్కడితో ఆపి ఉంటే ఆ నాలుగో గీత అప్పుడే నిండేదేమో. కానీ నవ్వు వినపడితే దర్జీ నాలుక, కాలు తీసినా ఆగని కుట్టు మిషను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొన్న సోమవారం తెల్లారగానే ఏడో గ్రీన్ దగ్గరికి వెళ్లాను. చుట్టుపక్కల పురుగు లేదు. ముప్పై అడుగుల నుంచి ఇలా, మెల్లగా లేపాను. జెండా పక్కన పడింది. పడ్డచోటే ఆగింది. మేకు దిగినట్టు."

"కొంచెం కూడా దొర్లలేదా?"

"అంగుళం కదల్లేదన్నా. అంగుళమంటే నాకు తెలియదా, టేపు మెళ్లోనే ఉంటుంది. ఇంకోటి వేశాను, దాని పక్కనే ఆగింది. ఇంకోటి. ఇరవై బంతులు, చొక్కా గుండీల్లా ఒకే వరస. సరే, బంతి అడుగున ఇంకాస్త కోసినట్టు కొడితే ఏమవుతుందో చూద్దామని కొట్టాను. జెండా దాటి పడి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగొచ్చి గుంతలో పడింది. ఇంకాస్త కోశాను. ఈసారి గుంత కూడా దాటి, గ్రీన్ దిగి, గట్టెక్కి, నా కాళ్ల సందులోంచి దూరి సంచిలోకి పోయింది."

"సంచి జిప్పు ఎవరు తీశారు బావా?"

"సగం తీసే ఉంది. మిగతా సగం అదే తీసుకుంది. ఇంకో వింత విను. ముందురోజు బ్యాంకు మేనేజరుగారి బంతి ఒకటి గుంత అంచున ఆగిపోయి ఉంది. నా బంతి వచ్చి, దాన్ని భుజం తట్టి లోపలికి పంపి, తను బయట నిలబడింది."

"మర్యాద తెలిసిన బంతి," అన్నాడు మందుల షాపాయన. కలం చీటీ మీదికి రాలేదు, గాల్లోనే ఉంది. అది చూసి దర్జీకి కంగారు పుట్టింది. కంగారులో ఇంకాస్త పెంచాడు.

"ఇక కొట్టడమెందుకని కర్ర ఊరికే చూపించానన్నా. అదే గెంతుకుంటూ పోయి గుంతలో కూర్చుంది. నేను ఇంటికెళ్లి రెండు ప్యాంట్లు కుట్టి వచ్చేసరికి, మిగిలిన గుంతలన్నీ అదొక్కటే తిరిగొచ్చింది."

రెండు ప్యాంట్లు ఎక్కువయ్యాయని ఆ మాట నోరు దాటాక అనిపించింది.

బల్ల చివర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మైదానంలో గడ్డి కోసేది, గ్రీన్లు చూసుకునేది ఆయనే. రోజుకి పది మాటలు మించి మాట్లాడడు. ఆయన ఇటు తిరిగాడు.

"సోమవారమన్నావు కదూ?"

"సోమవారమే పెద్దాయనా."

"ఏడో గ్రీన్?"

"ఏడో గ్రీనే."

"ఆదివారం సాయంత్రం దానికి ఇసుక పోశాను. గడ్డి వేళ్లకి నీళ్లు దిగాలని అంతా గుచ్చి, వేలు మందాన పరిచి, చుట్టూ తాడు కట్టి వెళ్లాను. దాని మీద ఇటుక వేసినా పడ్డచోటే ఆగుతుంది." ఒక గుక్క తాగి మళ్లీ అన్నాడు. "పొద్దున చూస్తే ఇసుకలో ఇరవై గుంటలు. గుండీల్లా వరసగా ఉన్న మాట మటుకు నిజం. సర్దడానికి గంట పట్టింది."

బావమరిది నవ్వలేక బల్ల పట్టుకున్నాడు. టీ కొట్టాయన పొయ్యి వదిలి వచ్చి నవ్వాడు. దర్జీ కూడా నవ్వాడు, కానీ ఆ నవ్వు ముఖానికి అతకలేదు. మందుల షాపాయన కలానికి మూత పెట్టడం చూశాడు.

"నీ బంతి సంగతి సరే," అన్నాడు మందుల షాపాయన. "ఇసుక లేని గ్రీన్ మీద ఎప్పుడైనా వేశావా? ఉన్నది చెప్పు."

దర్జీ గ్లాసు అడుగులోకి చూశాడు. ఈసారి మాటలు ఒక్కొక్కటే వచ్చాయి.

"మంగళవారం రెండో గ్రీన్ మీద వేశానన్నా. ఆగలేదు. పడ్డాక ఆరు అడుగులు పోయింది. గట్టి పెంకుది అదే దెబ్బకి పదకొండు పోయింది. రెండూ ఇరవయ్యేసి సార్లు వేసి కొలిచాను. గుంతలో ఒక్కటీ పడలేదు."

మందుల షాపాయన పెద్దాయన వైపు చూశాడు.

"మోకాళ్ల మీద పాకుతూ కొలిచాడు," అన్నాడు పెద్దాయన. "నేను మిషను ఆపి మరీ చూశాను."

మందుల షాపాయన కలం మూత తీసి, నాలుగో గీత మీద దర్జీ అని రాశాడు.

"దూరం కొట్టేవాళ్లు నాకు ముగ్గురున్నారు. రెండేళ్లూ ఓడిపోయింది గ్రీన్ దగ్గరే. కూర్చుని కొలిచినవాడు మాలో ఒక్కడూ లేడు. ఆ ఆరడుగుల మాట ముందే చెప్పి ఉంటే నా టీ చల్లారేది కాదయ్యా. ఆదివారం ఆ బంతులు నలుగురికీ సరిపడా తీసుకురా."

దర్జీ చీటీ దగ్గరికి వంగి తన పేరు రెండుసార్లు చదువుకున్నాడు. వీపు నిటారుగా అయింది. గొంతు సవరించుకున్నాడు.

"నిజానికి ఆ ఆరడుగులు కూడా అన్నా, ఆ రోజు వెనకనుంచి గాలి ఒకటి..."

పెద్దాయన గ్లాసు బల్ల మీద పెట్టి ఇటు చూశాడు.

"గాలి లేదు," అన్నాడు దర్జీ.