మంచం కింద

ఖతార్‌లోని అల్ దోహా అల్ జదీదాలో ఒక పాత విల్లా. ప్లైవుడ్ గోడలు కట్టి, గదికొక సంసారాన్ని దించారు. చివరి గదిలో నిద్రపోతున్న పసిపాపను ఒళ్ళో పెట్టుకున్న అనితకు తన మంచం మీద తనకే కూర్చోబుద్ధి కావడం లేదు. తలుపు దగ్గర పక్కగది హసీనా. విల్లా చూసుకునే మక్బూల్ ఇప్పుడే ఇంకో సిలిండర్ మంచం కిందికి తోసి బయటికి పోయాడు.

"ఇంగొకటా? హసీనక్కా, ఇప్పటికే రెండు సిలిండర్లు తోసినారు నా మంచం కిందికి!"

"మెల్లగ మాట్లాడు. బలదియోళ్లు గేటు కాడికొచ్చిన్రు. ఈడ మున్సిపాలిటీ అంటే మన ఊర్ల లెక్క కాదు. రూముల గ్యాస్ కనవడ్డదా, విల్లాకు తాళమే."

"అయితే మీ గదిలో పెట్టుకోండి."

"నా రూమ్‌ల చూస్తరు. నీ రూమ్‌ల చూడరు. తల్లి పాలిస్తున్నదంటే గా సార్లు కండ్లు గూడ ఎత్తరు. పోయినసారి గిట్లనే గట్టెక్కినం గద."

"పోయినసారి ఒకటే పెట్టినారు."

"ఒకటైతేంది, మూడైతేంది? కొంగు కప్పుకో, పిల్లను దగ్గరికి తీస్కో. గంతే."

"పాలు తాగి పండుకునిందక్కా. కదిలిస్తే ఏడుస్తాది."

"ఏడిస్తే ఇంక మంచిది."

"అక్కా... వాసన వస్తాండ్లా?"

"ఏం వాసన?"

"గ్యాస్."

"నీ పిచ్చి గాని! ఎవరిదో తాలింపు."

"పొయ్యిలన్నీ ఆర్పించినారు గదా. తాలింపు యాడిది?"

"మక్బూల్ భాయ్! ఓ మక్బూల్ భాయ్! గిప్పుడు తెచ్చిన సిలిండర్ సక్కగ బంద్ చేసినవా?"

"చేసిన, చేసిన. వాల్వ్ జర లూజున్నది. సార్లు పోయినంక చూస్త. కిటికీ మాత్రం తెరవకున్రి, వాసన బయటికొస్తే దొరికిపోతం."

"అన్నా, పాప ఉంది లోపల!"

"తెరిస్తే అందరం రోడ్డు మీదనే, చెల్లె. నేనైతే వాళ్లను తోల్కొస్త, మీరు తయారుండుండ్రి."

"అక్కా, నువ్వన్నా చెప్పు ఆయనకు."

"నా దిక్కు చూడు అనితా. ఈ రూమ్ పోతే మా ఇంటాయన షఫీ నన్ను ఊరికి పంపుతడు. మళ్ల మా అత్త ముందల కూసోవాల్నా? గీ కిరాయికి నీ తిరుపాలుకు మాత్రం ఇంకోటి దొరుకుతదా? నువ్వు గూడ పోతవ్. నీ బిడ్డ నాయిన మొఖం ఫోన్ల చూసుకుంట పెరుగుతది."

"తెలుసు. పొద్దున ఆయప్ప డ్యూటీకి పోతా అదే చెప్పినాడు. నోరు మూసుకోనుండు అన్నాడు."

"మరి? జర సేపు ఓర్సుకో."

"పాప దగ్గుతాంది."

"దుమ్ముకు."

"నిద్దర్లో దగ్గుతాందక్కా."

"ష్! వచ్చిన్రు. కొంగు కప్పుకో."

"సార్, ఇదర్ లేడీస్ హై. చోటా బేబీ సార్, దూద్ పిలా రహీ."

"ఓ, సారీ సిస్టర్, సారీ. ఖలాస్, డోర్ బంద్ కరో. యల్లా, నెక్స్ట్ రూమ్."

"చూసినవా? నేను చెప్పలే? కండ్లు గూడ ఎత్తలే... యాడికి లేస్తున్నవ్? కూసో! అనితా, తలుపు ఇడువు, నీ కాళ్లు మొక్కుత!"

"సార్! సార్, మత్ జావో! దూద్ నై దే రహీ మై. అందర్ ఆవో... మంచం కింద సూడండి సార్, మంచం కింద!"