పాయలో పడుకున్న నావ

కాసులమ్మని నావ దింపేసారంట. ఎవరు దింపేరు? సొంత కొడుకే. తప్పు సేసిందా, తగువాడిందా అంటే, ఏం లేదు. కొడుకు అబ్బులు ఇంజిను పడవ తెచ్చేడు, ఫైబరుది, తెల్లగా కోడిగుడ్డు పెంకులా ఉంటాదే, అది. ఇంజినొచ్చేక ఇంక తెడ్డేసే మనిషితో పనేటి? అప్పటిదాకా మన గరువులంకలో ఏ నావ సూసినా మొగుడూ పెళ్లామే అనుకో. ముందు కొసన మొగుడు వల పట్టుకుని నిలబడతాడు, ఎనక పెళ్లాం కూకుని తెడ్డేస్తది. ఆడు వల ఇసిరేటప్పుడు నావ కదలకుండా పట్టాల, లాగేటప్పుడు ఎదురు తిప్పాల, సుడి కనపడితే ఆడు సెప్పకముందే పక్కకి తియ్యాల. అదంతా ఆడదాని సేతిలో పనే. మీ అమ్మలూ ఏసినోల్లే, ఇంటికెల్లి అడగండి. అలాంటిది అబ్బులు ఒచ్చి, "అమ్మా, ఇంకా నీకెందుకే ఈ ఎండా వానా, ఇంటికాడ సుకంగా కూకో" అన్నాడంట. మంచికే అన్నాడు పాపం. తల్లి మీద పేమ లేక కాదు. కాసులమ్మ తెడ్డు తీసుకెల్లి సూరులో గుచ్చేసింది. అంతే.

ఆ నావ సంగతి సెప్పాల మీకు. అది ఇప్పటిది కాదు. కాసులమ్మ మావగారు గంగిరాజని ఉండేవోడు, ఆయన కొండల్లోకెల్లి మద్ది దుంగలు ఏరుకుని, తెప్పలా కట్టి, వరద నీటి మీద ఆ తెప్ప మీదే కూకుని దిగొచ్చేడంట. అప్పుడు నావలు కట్టే వడ్రంగి భద్రాచారికి ఇంకా మీసాలు సరిగా రాలేదు. ఇసకలో తాటాకు పందిరేసుకుని ఆ కుర్రాసారే నావ కట్టేడు. అడుగు సదరంగా, పొట్ట ఎడల్పుగా, ముక్కు పైకి లేసి ఉంటాది. సెక్కకీ సెక్కకీ మజ్జిన పీచు కూరి, గుగ్గిలం కాసి పోసి, పైన సేపనూనె రాసేరు. మోకాటి లోతు నీల్లుంటే సాలు, జారిపోయేదంట. కాసులమ్మ కాపరానికొచ్చింది ఆ నావలోనే. ఒచ్చి ఇంట్లో కాలెట్టిందా? లేదు. అప్పుడు పులస ఎగదీసే కాలం, సేపతో పాటు మనుషులూ ఎగువకెల్లాల. ఎనక కొసన మట్టిపొయ్యి, ఆ పక్కన బియ్యం కుండ, మీద తాటాకు గుడిసె. అదే ఇల్లు, అదే వాకిలి. అబ్బులు పుట్టింది కూడా అందులోనే, ఏటి మజ్జిన. ఉయ్యాల కట్టలేదంట ఆడికి. కట్టాల్సిన పనేటి, నావే ఊపుతుంటే? ఇంకో ఏడు పెద్ద వరదొచ్చి లంక మునిగిపోతే మేకల్నీ మనుషుల్నీ కలిపేసి గట్టుకి సేరేసింది ఆ నావే. కాసులమ్మా, ఆయమ్మ మొగుడు పోలయ్యా తిండి లేకుండా తిరిగేరంట ఆ వరదలో.

సరే, ఇంజినొచ్చేక ఏమైందంటే, కట్టెల అడితి ఆసామి ఒచ్చి, "పోలయ్యా, ఆ నావ నాకియ్యి, పొయ్యిలోకి పనికొస్తది" అన్నాడంట. పోలయ్య ఆ మనిషిని పైకీ కిందకీ సూసేడు. "మా ఇంటిదాన్ని కూడా అడుగుతావా పొయ్యిలోకి?" అన్నాడంట. మరి ఎండలో పడేస్తే మద్ది పగిలిపోద్ది, నీల్ల పైన ఊరికే వదిలేస్తే పుచ్చిపోద్ది. నీల్ల అడుగున బురదలో పడుకోబెడితే సావదు. అది మన పెద్దోల్లకి తెల్సిందే. అందుకని ఊరి ఎనకున్న పాయలోకి తీసుకెల్లి, నావ నిండా రాల్లేసి, అడుగున బిరడా పీకేసేడు. కాసులమ్మ గట్టు మీద నిలబడి సూసింది. నీల్లు నిండతా ఉంటే గుటక గుటకగా సప్పుడొచ్చిందంట, సంటిది పాలు తాగినట్టు. ముక్కు మునిగేదాకా సూసింది. తర్వాత కొంగుతో మొకం తుడుసుకుని, "పొయ్యి మీద అన్నం ఉంది మావా, పద" అందంట.

ఆ తర్వాత కాసులమ్మ రొయ్యల షెడ్డులో కుదిరింది. అక్కడ ఎవరున్నారనుకున్నారు? నావల్లోంచి దిగిపోయిన ఆడోల్లంతా అక్కడే. మంగాయమ్మ, మూలమ్మ, అందరూ ఐసు నీల్లలో సేతులెట్టి రొయ్యలు ఒలుసుకుంటా ఉన్నారు. "నేల మీద కూకుంటే నడుం పట్టేస్తందే, ఇది కదలదేంటే" అనేదంట కాసులమ్మ. నవ్వేవోరు. నవ్వి, మల్లీ ఎవరి మటుక్కు వోరు ఏటి గట్టు కేసి సూసుకుంటా ఉండిపోయేవోరు. ఇటు కొడుకుతో పడవకెల్లే పోలయ్యకేమో ఆ ఇంజిను సప్పుడు సెవుల్లోకెక్కేసింది. ముందు ఒక సెవి, తర్వాత రెండోది. ఇంటికొచ్చినా ఆ సప్పుడు ఆడతానే ఉందనేవోడు. కాసులమ్మ ఏదో సెప్తాది, ఆయన ఇంకేదో ఇంటాడు. సెప్పి సెప్పి ఆయమ్మ మానేసింది. నావలో పొద్దున్నించి సందేల దాకా కబుర్లాడుకున్న మనుషులు, ఒక ఇంట్లో ఉండి మాటల్లేవు, సూడండి.

ఒక రోజు ఏమైందంటే, పడవలో అబ్బులు "తాడొదులు అయ్యా, వదిలెయ్" అని అరిసేడంట. ఈయనకి ఇనపడలా. తాడు కాలికి సుట్టేసుకుని లాక్కుపోయింది. ఇంకాస్తైతే ఇంజిను పంకాలో పడిపోవాల. అబ్బులు ఇంజినాపి తండ్రిని పట్టుకుని బొట బొటా ఏడిసేడు. ఒడ్డుకొచ్చేక, "నువ్వింక రావొద్దు అయ్యా" అన్నాడు. ఆ మాట మాత్రం బాగా ఇనపడింది పోలయ్యకి. ఇంటి ముందు రాయి మీద, ఏటికి ఈపెట్టి కూకోడం మొదలెట్టేడు. ఎవరు పిలిసినా తిరగడు.

ఆ ఏడు ఎండలు ముదిరేయి. ఏరు పలసబడిపోయింది. పాయల నిండా గుర్రపుడెక్క. ఇంజిను పడవ అందులోకెల్తే పంకాకి సుట్టేసుకుని ఆగిపోద్ది. మొగోల్లంతా వలలు బాగుసేసుకుంటా కూకున్నారు. కాసులమ్మ షెడ్డుకెల్తా ఉంటే పాయలో ఏదో నల్లగా కనపడిందంట. సూస్తే నావ ముక్కు. ఆకుల మజ్జిన్నించి లేసి, అచ్చం తలెత్తి సూసినట్టు. ఆయమ్మ కాల్లు ఇంక షెడ్డుకి కదల్లేదు. ఎనక్కొచ్చి మొగుడికి సేతుల్తో సెప్పింది, నావ కనపడింది, లేపుదాం అని. ఆయన అర్తం సేసుకున్నాడు. "పుచ్చిపోయుంటాది. సచ్చిపోయినదాన్ని లేపకు కాసులూ" అన్నాడు. "సచ్చిందో లేదో నే సూత్తాను" అందీయమ్మ.

భద్రాచారి దగ్గిరికెల్లింది. ఆయనిప్పుడు ద్వారబంధాలు సేసుకుంటన్నాడు, కళ్లు మసకలు. "ఆచారి బాబూ, నువ్ కట్టిన నావ కనపడింది, ఒక్కసారొచ్చి సూసిపో" అంటే, సేతిలో ఉలి కింద పడేసి లేసేడంట. పాయలో దిగి ముక్కు మీద సుత్తితో కొట్టి, సెవి ఆనించి, మల్లీ కొట్టి, "అమ్మాయ్, పై సెక్కలు పోయినియ్యి. అడుగు బతికుంది" అన్నాడు. కాసులమ్మ అక్కడే ఆ బురదలోనే కూలబడిపోయింది. సంతోషమో ఏడుపో ఆయమ్మకే తెలీదు.

మర్నాడు షెడ్డు కాలీ. ఆడోల్లందరూ సీరలు ఎగదోపి పాయలో దిగిపోయేరు. గుర్రపుడెక్క పీకేరు, తట్టలతో బురద తోడేరు, రాయి తర్వాత రాయి తీసేరు. గట్టు మీద మొగోల్లు ఒకటే నవ్వులు. "ఏటే మంగాయమ్మా, లంకెబిందెలేమన్నా దొరికినాయా?" అని ఒకడు. "దొరికితే నీకెందుకు సెప్తాం, నువ్ నవ్వుకో" అని ఈవిడ. ఆ నవ్వేవోల్లలో అబ్బులూ ఉన్నాడు. కాసేపున్నాక ఆడు నవ్వాపేసేడు. తల్లి పీకల్లోతు బురదలో ఉండి నావ పక్కని సేత్తో నిమురుతంది, గేదెని కడిగినట్టు. ఆడెల్లి, తన ఇంజిను పడవ పాయ నోటిదాకా తెచ్చి, తాడు కట్టేడు. ఇటు ఆడోల్లు తొయ్యడం, అటు ఇంజిను లాగడం. బురద ఒక్కసారి సప్పరించి వదిలేసిందంట. నావ పైకొచ్చింది. నీల్లు కారతా, నల్లగా, పీతలు పరిగెడతా.

ఆచారి పై సెక్కలు కొత్తయి ఏసేడు. పీచు కూరేడు. గుగ్గిలం కాసి పోసి, సేపనూనె రాసేడు. ఇదంతా అవుతున్నా పోలయ్య రాయి మీంచి లేవలేదు, సూడ్డానికీ రాలేదు. నావ నీల్లలో దింపే పొద్దున కాసులమ్మ ఒక్కతే ఎక్కింది. మూలమ్మ "నేనొస్తానే తోడు" అంటే ఒద్దంది. ఎనక కూకుని తెడ్డేసింది. ముందు కొసన మనిషి లేడు కదా, ముక్కు తేలిపోయి, నావ గిర్రున అక్కడక్కడే తిరుగుతాంది. ఆయమ్మ కళ్లేమో ఆ కాలీ కొస మీదే. పిలుద్దామా అంటే ఆయనకి ఇనపడదు. సెప్పడానికి ఎవరూ ఎల్లలేదు, ఎల్తే ఏమంటాడో అని. అప్పుడు గాలి తిరిగింది. ఏటి మీంచి ఊరి మీదకి కొట్టింది. పచ్చి గుగ్గిలం, సేపనూనె వాసన. రాయి మీద కూకున్న ముసిలోడు తల ఎత్తేడంట. మెల్లిగా తిరిగేడు. లేసేడు. రేవులో జనాన్ని తోసుకుని, పంచె తడిసిపోతన్నా సూడకుండా నడుం లోతుదాకా నడిసేడు. కాసులమ్మ నావ తిప్పి దగ్గిరికి తెచ్చింది. ఎక్కి ముందు కొసన నిలబడ్డాడు. నావ సర్దుకుంది.

నావలో వల ఇసిరేవోడు ఎనక్కి తిరగడు కదండీ. మడమతో సెక్క మీద కొడతాడు, ఒకటి కొడితే ఇటు, రెండు కొడితే అటు. ఎనకున్న మనిషి కాలికి అది తెలుస్తది. పోలయ్య ఒకటి కొట్టేడు. కాసులమ్మ ఇటు తిప్పింది. రెండు కొట్టేడు, అటు తిప్పింది. అప్పుడు ఆయమ్మ తన కాలితో ఊరికే ఒకసారి కొట్టిందంట. ఆయన అరికాలికి తగిలింది. ఉలిక్కిపడి ఎనక్కి తిరిగేడు. సెవులు పోయేయి గానీ కాల్లెక్కడికి పోయేయి? మల్లీ కొట్టింది. మల్లీ కొట్టేడు. ఏం సెప్పుకున్నారో మనకేం తెలుసు, అది వోల్లిద్దరిదీ. సందేల దాకా రాలేదు. ఒచ్చినప్పుడు నావలో నాలుగు జెల్ల సేపలు పడున్నాయంతే.

ఆ ఎండాకాలం ఇంజిన్లు ఎల్లలేని పాయలన్నీ ఆ నావే తిరిగింది. సప్పుడుండదు కదా, సేప బెదరదు. అది సూసి మూలమ్మ మొగుడు ఆచారి దగ్గిరికెల్లేడు, ఆ ఎనకే ఇంకొకడు. ఇసకలో మల్లీ తాటాకు పందిరి లేసింది. పోలయ్య మాత్రం ఆ మర్సటేడు వరదలకి ముందు పోయేడు. ఒంట్లో బాగోలేదని పడుకుని, అలాగే. దినాలయ్యేక కాసులమ్మ ముందు కొసకి మారి వల పట్టింది. ఎనక కోడలు రత్తాల్ని కూకోబెట్టింది. ఆ పిల్లకేమో ఇంకా తెడ్డు సరిగా కుదరదు, ఏరంతా అత్త కేకలే. పులస అప్పట్లా రాటం లేదు, మొగుడా ఇంక రాడు, అయినా పొద్దున పొడవకుండానే ఈయమ్మ రేవులో ఉంటాది. "ఇంత పొద్దున్నే ఎందుకత్తా, సేప ఎక్కడికి పోద్ది?" అని రత్తాలు గొణిగితే, "సేప కోసం ఎవతె ఎల్తాదే?" అందంట.

అదండీ సంగతి. సేప కోసం కాకపోతే మరి దేనికని నన్నడక్కండి, నేను మొగోన్ని, నాకేం తెలుస్తది. ఇంక లేస్తాను. మా ఇంట్లోది కూడా మొన్నట్నించీ ఒకటే నస, ఆచారి దగ్గిరికెల్లి నావ సంగతి మాటాడి రమ్మని. ఎల్లకపోతే కూడొండదంట.