ఎడమ దిక్కు గుంజుడు

2024 నవంబరు 17, ఆదివారం. కోదాడలో తెల్లవారేసరికి సన్నగా మంచు పట్టి, ఎనిమిదిన్నరకల్లా విడిపోయింది. ఆ తర్వాత ఎండ కాసింది గానీ అందులో వేడి లేదు. ఉత్తరపు గాలి ఒకటి మిర్యాలగూడ రోడ్డు మీది దుమ్మునంతా ఎత్తి తెచ్చి శాంతమ్మ టీకొట్టులో పోస్తూ ఉంది. తారీఖు ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణముంది. మెకానిక్ పరశురాములు చివరిసారి కోతలు కోసింది ఆ రోజే.

పరశురాములుకు అరవై ఎనిమిదేళ్లు. టీకొట్టుకు ఎదురుగా అతని రేకుల షెడ్డు. నలభై ఏళ్లలో అతను బాగుచేయలేకపోయిన బండ్లు చాలానే ఉన్నాయి. ఏ మెకానిక్‌కైనా ఉంటాయి. కానీ ‘నాకు దొరకలేదు’ అన్న మాట మాత్రం అతని నోట ఎవరూ వినలేదు. ఆ మాట గొంతు దాకా వచ్చినప్పుడల్లా దానికి బదులు ఒక కథ బయటికి వచ్చేది.

ఆ పొద్దున నడిగూడెం నుంచి ఉమ వచ్చింది. ఆమె తండ్రి బీరయ్య గొర్రెలు పెంచేవాడు. వెనక తొట్టి కట్టించిన పాత డీజిల్ జీపులో ఇరవై ఆరేళ్లు వాటిని సంతలకు తోలాడు. పరశురాములుకు చిన్ననాటి స్నేహితుడు. వానాకాలం మొదట్లో ఆ జీపు ఉన్నట్టుండి ఎడమకు పోవడం మొదలుపెట్టింది. వారానికో పదిరోజులకో ఒకసారి, రెండు నిమిషాలు, తర్వాత మామూలే. నాలుగు నెలలు పరశురాములు దాన్ని విప్పాడు, బిగించాడు. అక్టోబరులో ఒక మధ్యాహ్నం అనంతగిరి దగ్గర జీపు రోడ్డు దిగి వరిపొలంలోకి పోయి ఆగింది. బీరయ్య ఒంటి మీద గీత పడలేదు, మాట మాత్రం పోయింది. తొమ్మిదో రోజు దవాఖానలో ప్రాణం పోయింది. తలలో రక్తం గడ్డకట్టిందన్నారు. జీపు పడ్డ అదురుకే అట్లా అయిందని ఇంట్లో అందరూ అనుకున్నారు.

ఉమ ఆ జీపునే నడుపుకుంటూ వచ్చి కొట్టు ముందు ఆపింది. శాంతమ్మ ఇచ్చిన టీ కూడా ముట్టకుండా అడిగింది.

“కాకా, ఒక్క మాట అడిగిపోదామని వచ్చిన. అన్న ఈ జీపును తుక్కు కింద అమ్ముతనంటున్నడు. గిదే నాయినను సంపిందంటడు. నేను నడుపుకుందామనుకుంటున్న, ఊళ్ల పాలు ఎత్తుకొని కోదాడల పోస్త. నాకు ఇంకో బతుకుదెరువు లేదు. స్టీరింగ్‌ల దోషం దొరికిందా, లేదా? నువ్వు ఎట్ల చెప్తే గట్లనే.”

పరశురాములు బల్ల మీద సర్దుకుని కూర్చున్నాడు. దొరకలేదు. నాలుగు నెలల్లో వెంట్రుకవాసి దోషం కూడా దొరకలేదు.

“దొరకకపోవుడేంది బిడ్డా,” అన్నాడు. “కూసో. మొదటికెల్లి చెప్త. ముందుగాల టైర్ల గాలి సూసిన, సరిగ్గున్నది. చక్రం పట్టుకొని అటు ఇటు ఊపిన, బేరింగుల ఆట లేదు. టై రాడ్ ఎండ్లు మార్చిన, కింగ్ పిన్నులు మార్చిన, స్టీరింగ్ బాక్సు విప్పి పండ్లు లెక్కవెట్టిన. గిదంతా ఎవడన్న చేస్తడు. అసలు పని ఆడికెల్లి మొదలైతది. బండి నేనే తీసుకొని సూర్యాపేట దాకా పోయిన. బానెట్ మీద నిండు గ్లాసు టీ పెట్టిన. పోయి వచ్చిన, సుక్క తొణకలే.”

“టీ ఎవరిది?” అన్నది శాంతమ్మ, పాలు కలుపుతూ. “గ్లాసు నాదే అయ్యుంటది, తిరిగి రాలే.”

“వచ్చింది, నువ్వే సూడలే. రెండోసారి కండ్లు మూసుకొని పోయిన.”

మూలన పేపరు చదువుతున్న రాజారత్నం సారు, బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాడు, తల ఎత్తకుండానే అడిగాడు. “హైవే మీద లారీలుంటాయి గదా పరశురాములూ?”

“ఉన్నయి సారూ. అవే తప్పుకున్నయి. మూడోసారి స్టీరింగ్ ఇడిసిపెట్టి వెనక తొట్టిల పండుకున్న. బండి దానంతటదే మునగాల దాటింది, దానంతటదే షెడ్డు ముందుకొచ్చి ఆగింది. నేరుగ, దారం కట్టి గుంజినట్టు. మరి బీరయ్య నడిపితే ఎందుకు ఎడమకు పోతది? గప్పుడు స్టీరింగ్ బాక్సుకు చెవి పెట్టిన. ఏమినబడ్డదో తెలుసా? నీళ్లు. పారే నీళ్ల సప్పుడు.”

“రేడియేటరు కారింది,” అన్నాడు సారు.

“కృష్ణ నీళ్లు సారూ. మన సాగర్ ఎడమ కాలువ. ఈ బండి ఎప్పుడెప్పుడు గుంజిందో గోడ మీద బొగ్గుతోటి రాసిపెట్టిన. కాలువకు నీళ్లు ఇడిసినప్పుడల్లా గుంజింది. కుడి కాలువకు ఇడిస్తే గుంజలే. మఠంపల్లి దిక్కు భూమి కింద ఉన్న సున్నపురాయంతా ఆ నీళ్లకు గరమైతది, ఆ గరంకు ఇనుము ఎడమకు తిరుగుతది. గిది నేను కనిపెట్టిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజినీర్లు జీపులేసుకొని నా షెడ్డు కాడికొచ్చిన్రు. ‘పరశురాములన్నా, నీళ్లు ఎల్లుండి ఇడవాల్నా, ఆవలెల్లుండి ఇడవాల్నా? జర బండినడుగు’ అని.”

శాంతమ్మ నవ్వింది. ఉమ నవ్వలేదు, కానీ కొంగు చివర నలపడం ఆపింది. పరశురాములుకు అది చాలనిపించింది. ఇంకొంచెం పైకి పోతే ఆ పిల్ల అడిగిన మాట మరిచిపోతుందేమో. ఇన్నేళ్లుగా అందరూ మరిచిపోయారు.

“నమ్మరా? గీ బల్ల మీదనే, గీడనే బీరయ్య కూసున్నడు. గీ కాలువ సంగతి చెప్తుంటే ఆయన చేతిలున్న గ్లాసు జారి కిందపడి పలిగింది. నా మాట ఇని గ్లాసే బెదిరిందని ఆ పొద్దంతా నవ్వుకున్నం. శాంతమ్మనడుగు.”

“ఒక్కసారి గాదు, మూడుసార్లు,” అన్నది శాంతమ్మ. “ఆయన కోసమే కాగితం కప్పులు తెప్పించిన.”

“ఇను మరి. అసలు రిపేరు బండి ఆపి చేసేది గాదు, ఉరుకుతున్నప్పుడే చెయ్యాలె. గోనెసంచి కట్టుకొని బండి కిందికి దూరిన. పైన బీరయ్య అరవై స్పీడు మీద తోలుతున్నడు. కోదాడల మొదలుపెట్టిన, హుజూర్‌నగర్ల నట్లు ఊడదీసిన, నేరేడుచర్లల గ్రీసు పెట్టిన, మిర్యాలగూడ వంతెన మీద బిగించిన. తొట్టిల నలభై గొర్లు తలకాయలు బయటికి పెట్టి సూస్తున్నయి. వీపు రోడ్డుకు రాసుకొని నిప్పులు లేసినయి. ఆ నిప్పులకు ఎనకొచ్చే బస్సాయన బీడీ—”

“కాకా,” అన్నది ఉమ. “గ్లాసు ఏ చేతిలకెల్లి పడ్డది?”

“ఏ చెయ్యైతేంది బిడ్డా, బీడీ సంగతి—”

“ఎడమ చెయ్యే,” అన్నది శాంతమ్మ. “మూడుసార్లూ.” ఆ మాట అన్నాక గరిటె గిన్నెలోనే పెట్టి అట్లాగే నిలబడింది.

ఉమ గొంతు పెంచలేదు. “దవాఖానల డాక్టరు అడిగిండు. ఇంతకుముందు ఎన్నడన్న చెయ్యి పట్టు తప్పిందా, జరసేపుండి మళ్ల మంచిగైందా అని. గట్ల వచ్చిపోయినప్పుడే తీసుకొస్తే మందు ఉండె అన్నడు. మేమెవ్వరం సూడలే. లేదు సారూ అని చెప్పినం.”

రాజారత్నం సారు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“నువ్వు నడిపితే గుంజలే. అన్న నడిపితే గుంజలే. ఇయ్యాల నేను నడిపిన, నేరుగ వచ్చింది. నాయిన చేతిలనే గుంజింది. మొదటిసారి నీ కాడికొచ్చినప్పుడు నాయిన ఏమన్నడు కాకా? ఉన్నదున్నట్టు చెప్పు. బండి గుంజుతుందన్నడా?”

పరశురాములుకు ఆ రోజు కళ్ల ముందు కనబడింది. వాన వెలిసిన పొద్దు. బీరయ్య జీపు దిగి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. ఎడమ చెయ్యి పొట్టకు ఆనించి, కుడి చేత్తో పట్టుకుని ఉన్నాడు. “ఎడమ దిక్కు గుంజుతుందిర పరశా, ఎందుకో జర సూడు,” అన్నాడు. అంతే. చూడు అన్నాడు. తాను బీరయ్య ముఖం కూడా చూడకుండా పానా తీసుకుని జీపు కిందికి దూరాడు. చెయ్యి నొప్పి పెట్టినా గుంజుడే, బండి పక్కకు పోయినా గుంజుడే. బీరయ్యకైనా రెండూ ఒకటిగానే తోచాయేమో. పట్టు తప్పిన చెయ్యి చక్రానికి ఎడమవైపు వేలాడితే దాని బరువుకే చక్రం ఎడమకు తిరుగుతుంది. నలభై ఏళ్లు స్టీరింగులు విప్పినవాడికి అది ఒకరు చెప్పాలా?

“బండి అనలే,” అన్నాడు.

గాలికి కాగితం కప్పుల దొంతర ఒరిగి, రెండు కప్పులు బల్ల కిందికి దొర్లిపోయాయి. శాంతమ్మ వాటిని తీయలేదు.

“మరి స్టీరింగ్‌ల ఏం దొరికింది?”

“దొరకలే బిడ్డా. నాకేం దొరకలే.” గొంతు అతనికే కొత్తగా వినిపించింది. “బండిల ఏ దోషం లేదు. నువ్వు నడుపుకో.”

ఉమ కొంతసేపు అతని వైపు చూసింది. తిడుతుందేమో అనుకున్నాడు, తిట్టినా బాగుండేది. ఆమె లేచి, చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగి, గ్లాసు బల్ల మధ్యలోకి జరిపిపెట్టి వెళ్లిపోయింది. జీపు నడిగూడెం వైపు, రోడ్డుకు గీత గీసినట్టు, నేరుగా పోయింది. కనుమరుగయ్యేదాకా పరశురాములు చూస్తూనే ఉన్నాడు, ఒక్కసారైనా ఎడమకు జరుగుతుందేమోనని. జరగలేదు.

సంవత్సరీకం కాకముందే బీరయ్య ఇంట్లో పంపకాలు జరిగాయి. గొర్రెల మంద కొడుకు రాజ్‌కుమార్‌కు పోయింది. ఎకరన్నర పొలం, ఇల్లు భార్య తిరుపతమ్మ పేరున రాశారు. తండ్రి కప్పుకునే గొంగడిని చిన్న కూతురు లత అడిగి తీసుకుంది. జీపు ఉమకు వచ్చింది. రోజూ ఆరింటికి పాల క్యాన్లతో శాంతమ్మ కొట్టు ముందు నుంచే పోతుంది, ఆగదు. ఆ జీపు నుంచి నాలుగు నెలల్లో విప్పి తీసిన సామాను, ఒక్కదానికీ అరుగుదల లేనిది, పరశురాములు షెడ్డులో ఒక నూనె డబ్బా నిండా ఉంది. అది ఎవరి వాటాలోకీ రాలేదు. పరశురాములుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, అతనూ అడగలేదు.