ఇద్దరికి సర్వరెందుకు

రాజమండ్రిలో కంప్యూటర్ల షాపు. ఇంట్లో శుభలేఖలు కంపోజ్ చేస్తానన్న కూతురి కోసం తండ్రి ప్రాసెసర్ ఎంచుతున్నాడు.

"ఈ సర్వర్ ప్రాసెసరే తీసుకుందాం తల్లీ. అన్నిట్లోకీ గట్టిదంట."

"సర్వరంటే ఏంటో తెలుసా నాన్నా?"

"తెలీకేం? హోటల్లో ఇడ్లీ తెచ్చేవాడు."

"ఇదీ అంతే. ఒకేసారి వందమందికి వడ్డిస్తుంది. మనింట్లో ఉన్నది ఇద్దరం. నాకు ఆ చవకది చాలు."

"నీకు చవకదా? మీ అమ్మే ఉంటే ఊరుకునేదా?"

"ఆ సర్వర్ రాత్రీ పగలూ స్విచ్ కట్టెయ్యకుండా పనిచెయ్యడానికి నాన్నా."

"అసలు కట్టెయ్యరా?"

"ఏళ్ల తరబడి కట్టెయ్యరు."

ఆయన చేతిలోని పెట్టెను మెల్లిగా బల్లమీద పెట్టేశాడు.

"మీ అమ్మా అలాగే ఆగకుండా చాకిరీ చేసింది. వద్దులే, చవకదే తీసుకో. ఆరింటికల్లా కట్టేస్తే, ఇద్దరం గోదారిగట్టుకి వెళ్దాం."